ఎలుకలు కొరికిన ప్రార్థన పుస్తకం

ప్రశ్న: నేను ఎం.ఏ. ఇంగ్లీషు రెండో సంవత్సరం చదువుతున్నాను. అమెరికన్ సాహిత్యం పేపరులో మొదటి యూనిట్ అంతా ప్యూరిటన్లదే, అంటే 17వ శతాబ్దంలో ఇంగ్లండు నుంచి అమెరికా వలస వెళ్లిన క్రైస్తవులదే. వాళ్ల ఐదు సిద్ధాంతాలు గైడులో చూసి కంఠతా పట్టాను. తీరా పాఠాలు తెరిస్తే ఆ ఐదూ ఎక్కడా కనిపించవు. వాళ్లలో కవయిత్రి ఆన్ బ్రాడ్‌స్ట్రీట్ భర్త మీద ప్రేమతో పద్యాలు రాసింది, కాలిపోయిన ఇంటిని తలచుకుని బాధపడింది. మా మాస్టారేమో ‘ప్యూరిటన్లంటే నవ్వడం కూడా పాపమనుకునే మనుషులు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మాది క్రైస్తవ కుటుంబం. పాలు పొంగిపోయినా, బస్సు తప్పిపోయినా ‘ఇందులో దేవుడు ఏదో చెబుతున్నాడు’ అంటుంది మా నాయనమ్మ. ఆవిడ పక్కన కూర్చుని ఈ పాఠాలు చదువుతుంటే నవ్వాలో భయపడాలో తెలియడం లేదు. వీళ్లను అసలు ఎలా చదవాలి? తరువాతి అమెరికన్ సాహిత్యం మీద వీళ్ల ప్రభావం చాలా ఉందంటారు. అది ఎక్కడుంది?
– ఒక విద్యార్థిని, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: అమ్మా, మీరు గైడులో వెతుకుతున్నది మీ వంటింట్లోనే ఉంది. పొంగిన పాలలో దేవుడి మాట వినే మనిషిని రోజూ చూస్తున్నారు కాబట్టి, మీ తరగతిలో మిగిలినవారికన్నా మీకే ఈ పాఠం తేలిక. ఐదు సిద్ధాంతాల దగ్గరికి తరువాత వద్దాం. ముందు ఒక ఎలుకల కథ చెబుతాను.

జాన్ విన్‌త్రాప్ 1630లో ‘ఆర్బెల్లా’ అనే ఓడలో వలసదారులను వెంటబెట్టుకుని మసాచుసెట్స్ చేరిన గవర్నరు. చదువుకున్న లాయరు, వ్యవహారదక్షుడు, అమాయకుడేమీ కాడు. ఆయన ఏళ్ల తరబడి రాసిన దినచర్యలో 1640 నాటి సంగతి ఒకటుంది. ఆయన కొడుకు గదిలో వెయ్యికి పైగా పుస్తకాలున్నాయి. అదే గదిలో ధాన్యమూ నిలవ చేశారు. ధాన్యం ఉన్నచోట ఎలుకలు రాక మానవు. ఆ పుస్తకాల్లో గ్రీకు కొత్త నిబంధన, కీర్తనలు, ఇంగ్లండు చర్చి వారి ప్రార్థన పుస్తకం మూడూ కలిపి కుట్టించిన సంపుటం ఒకటి ఉంది. ఎలుకలు ప్రార్థన పుస్తకాన్ని మాత్రం ఆకు ఆకూ కొరికేశాయట. పక్కనే కుట్టి ఉన్న మిగతా రెంటినీ ముట్టలేదు. గదిలోని మరో పుస్తకం జోలికీ పోలేదు.

మనమైతే బోను పెట్టమంటాం. విన్‌త్రాప్ కాగితం తీసి రాసుకున్నాడు. ఆ ప్రార్థన పుస్తకంతోనే కదా వాళ్ల పేచీ! రోము నుంచి విడిపోయిన ఇంగ్లండు చర్చిలో పాత కాథలిక్ ఆచారాల మకిలి ఇంకా వదలలేదనీ, బైబిలులో లేనిదల్లా కడిగి శుద్ధి చేయాలనీ పట్టుబట్టినవాళ్లు వీళ్లు. ప్యూరిటన్ అన్న పేరు అలా వచ్చిందే, అదీ ఎగతాళిగా. వీళ్లకు పదేళ్ల ముందు, 1620లో, ‘మేఫ్లవర్’ ఓడలో 102 మంది ప్లిమత్ చేరారు. వాళ్లలో ముందు నడిచినవారు ఇంగ్లండు చర్చి బాగుపడదని పూర్తిగా తెగతెంపులు చేసుకున్నవారు. వాళ్లను పిల్‌గ్రిములు అంటాం. విన్‌త్రాప్ బృందం మాత్రం చర్చిలో ఉంటూనే దాన్ని సంస్కరించాలనుకుంది. పరీక్షల్లో మెలిక పెట్టడానికి వీలైన తేడా ఇది, గుర్తుంచుకోండి. అంతకుమించి ఇప్పుడు దానితో పనిలేదు.

ఇంకో కథ కూడా ఆ దినచర్యలోదే. 1632లో వాటర్‌టౌన్ దగ్గర నలుగురూ చూస్తుండగా ఒక ఎలుకా పామూ చాలాసేపు పోట్లాడుకున్నాయి. చివరికి ఎలుకే పామును చంపింది. బోస్టన్ పాస్టరు విల్సన్ దీనికి అర్థం చెప్పాడు: పాము సాతాను. ఎలుక దేవుడు ఇక్కడికి తెచ్చిన బీద జనం. వీళ్లు ఇక్కడ సాతానును ఓడించి వాడి రాజ్యం లాక్కుంటారు. ఎంత ముచ్చటగా ఉందో చూడండి. అయితే ‘వాడి రాజ్యం’ అన్నమాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఆ నేల మీద అప్పటికే మనుషులున్నారు. ఈ విషయానికి మళ్లీ వస్తాను.

మీ ప్రశ్నకు నా జవాబు ఈ రెండు కథల్లోనే ఉంది. సాహిత్యం దాకా వచ్చేసరికి ప్యూరిటన్ల ప్రభావం సిద్ధాంతాల్లో కన్నా ఒక అలవాటులో ఎక్కువ కనిపిస్తుంది. లోకంలో జరిగే ప్రతి చిన్నదాన్నీ ఎవరో రాసిన ఉత్తరంలా విప్పి చదవడం, ఆ తరువాత అదే చూపును తమ గుండె మీదికి తిప్పుకోవడం, అదీ ఆ అలవాటు. తరాలు గడిచేకొద్దీ దేవుడి మీద నమ్మకం పలచబడింది కానీ ఈ చదివే జబ్బు మాత్రం అమెరికన్ రచయితలను వదల్లేదు.

ఇప్పుడు ఆ ఐదు సిద్ధాంతాలు. మీ గైడు వాటిని ఐదు గోళీల్లా విడివిడిగా ఇచ్చి ఉంటుంది. నిజానికి అన్నీ ఒకే తాడుకు ముడులు. ఆదాము పతనంతో మనిషి పూర్తిగా చెడిపోయాడు కాబట్టి తనంతట తాను బాగుపడలేడు. అందుకని దేవుడే కొందరిని రక్షణకు ఎంచుకున్నాడు. వాళ్ల మంచితనం చూసి ఎంచుకోలేదు, లోకం పుట్టకముందే తన ఇష్టప్రకారం ఎంచుకున్నాడు. క్రీస్తు బలి వాళ్ల కోసమే. దేవుడు కృప చూపితే కాదనే శక్తి మనిషికి లేదు. ఒకసారి ఆ కృపలో పడినవాడు ఇక జారిపోడు.

మన దగ్గర మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అని రెండున్నాయి కదా. కోతిపిల్ల తల్లిని తానే కరచి పట్టుకోవాలి. పిల్లిపిల్లకు ఆ కష్టం లేదు, తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది. శ్రీవైష్ణవంలో భగవంతుడి కృప గురించి జరిగిన ఈ వాదంలో ప్యూరిటన్లను నిలబెడితే వాళ్లు నిస్సందేహంగా పిల్లి పక్షం. ఒక్కటే తేడా, అది పెద్ద తేడా: ఈ తల్లిపిల్లి అన్ని పిల్లలనూ ఎత్తుకోదు. ఏ పిల్లను ఎత్తుకుంటుందో ఎప్పుడో తేలిపోయింది. పిల్లలకు మాత్రం తెలియదు. దీన్ని ‘కర్మ సిద్ధాంతం లాంటిదే’ అని జవాబు పత్రంలో రాయకండి. కర్మలో లెక్క ఉంటుంది, చేసినదానికే ఫలం. ఇక్కడ లెక్కే లేదు. భయమంతా అందులోనే ఉంది.

ఆ భయాన్ని ఒక్క ఉదాహరణతో చూపిస్తాను. 1637లో బోస్టన్ సంఘానికి చెందిన ఒకామె, తాను ఎంపికైనదాన్నో కాదో తేలక చాలాకాలం మథనపడింది. చివరికి ఒకరోజు చంటిబిడ్డను తీసుకెళ్లి బావిలో పడేసి, ఇంట్లోకి వచ్చి, ‘ఇక నాకు నరకం ఖాయం, బిడ్డను చంపాను’ అన్నది. పక్కనున్నవాళ్లు పరుగెత్తి బిడ్డను బతికించారు. ఇదీ విన్‌త్రాప్ రాసుకున్నదే. ఆ తల్లి మాటలో కోపం లేదు, ఒక రకమైన ఊరట ఉంది. నరకమైనా సరే, తేలిపోతే చాలనిపించే స్థితి అది. ఈ ఘటన చదివాక ఐదు సిద్ధాంతాలు నాకు మళ్లీ బట్టీ పట్టాల్సిన అవసరం రాలేదు.

తేలని ప్రశ్న ఉన్నచోట రాత పుడుతుంది. ఎంపికైన గుర్తులు తమలో ఉన్నాయేమోనని వాళ్లు రోజూ వెతుక్కున్నారు, వెతికినదల్లా రాసుకున్నారు. సంఘంలో పూర్తి సభ్యత్వం కావాలంటే దేవుడి కృప తన మీద ఎలా పనిచేసిందో అందరి ముందూ చెప్పాలి. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జి ఊరి పాస్టరు థామస్ షెపర్డ్ అలాంటి సాక్ష్యాలు ఎన్నో తన నోటుపుస్తకంలో ఎక్కించాడు. గృహిణులూ పనివాళ్లూ తమ మనసును నలుగురి ముందు విప్పిన మాటలవి. మరీ నిశ్చయంగా చెబితే గర్వమంటారు, మరీ తడబడితే విశ్వాసం లేదంటారు. ఆ సన్నని గోడ మీద నడుస్తూ మాట్లాడటం నేర్చుకున్నారు. అమెరికన్ ఆత్మకథకు వేరు అక్కడే ఉందని నా అభిప్రాయం.

బైబిలు ఎవరికి వారే చదవాలన్నది వాళ్ల పట్టుదల కాబట్టి చదువూ తప్పనిసరి అయింది. అడుగుపెట్టిన ఆరేళ్లకే, 1636లో, హార్వర్డ్ పెట్టారు. 1647 చట్టం ప్రకారం 50 కుటుంబాలున్న ప్రతి ఊరూ చదవడం రాయడం నేర్పే పంతులును పెట్టుకోవాలి. ఎందుకంటే మనుషులకు లేఖనాలు తెలియకుండా చేయడమే ‘ఆ పాత మోసగాడు సాతాను’ పన్నాగమట. బడి కట్టడానికి ఇంత గట్టి కారణం ఇంకే ప్రభుత్వమూ చూపి ఉండదు.

అచ్చుయంత్రం తెచ్చుకున్నాక 1640లో వేసిన కీర్తనల పుస్తకం ఆ వలసల్లో అచ్చయిన మొదటి పుస్తకం. 1,700 ప్రతులు వేస్తే ఇప్పుడు 11 మిగిలాయి. వాటిలో ఒకటి 2013 వేలంలో కోటీ 40 లక్షల డాలర్లు దాటింది. ఆ ధర చూసి లోపల గొప్ప కవిత్వం ఉంటుందనుకునేరు. పదాలు కుంటుతూ నడుస్తాయి. ముందుమాటలో ఆ సంగతి వాళ్లే ఒప్పుకున్నారు: దేవుని బలిపీఠానికి మన మెరుగులు అక్కర్లేదు. నిర్గమకాండంలో దేవుడు చెక్కని రాళ్లతో బలిపీఠం కట్టమంటాడు, ఉలి తగిలితే మైలపడుతుందంటాడు. అదే న్యాయం మాటకూ వర్తింపజేశారు. మీ సిలబసులో ‘సాదా శైలి’ అని కనిపించేది ఇదే. దాన్ని చేతకానితనం అనుకోకుండా దేవుడికి చెల్లించిన మొక్కుగా చూడండి. చమత్కారం చేతనై కూడా మానుకున్నవాళ్లు చాలామంది.

ఇక మీ బ్రాడ్‌స్ట్రీట్. విన్‌త్రాప్ వచ్చిన ఓడలోనే పెళ్లయిన పడుచుపిల్లగా దిగింది. ఎనిమిది మంది పిల్లలను కన్నది. ఆమెకు తెలియకుండానే బావ ఆమె పద్యాలు లండన్ తీసుకెళ్లి 1650లో అచ్చు వేయించాడు. ఇల్లు కాలింది 1666 జూలై 10 రాత్రి. ఆ పద్యం మీరు చదివానన్నారు కదా, మళ్లీ ఒకసారి చదవండి, ఈసారి గుమ్మం దగ్గర నిలబడి చదవండి.

అరుపులకు మెలకువ వస్తుంది. బయటికి పరుగెత్తుతుంది. మంటలు ఇంటిని మింగుతుంటే చూడలేక, ఇచ్చి తీసుకున్న దేవుడి నామాన్ని స్తుతిస్తుంది. ఇది బైబిలులో సర్వం పోగొట్టుకున్న భక్తుడు యోబు మాట. మీ నాయనమ్మ బైబిలులో ‘యెహోవా ఇచ్చెను, యెహోవా తీసికొనిపోయెను’ అని ఉంటుంది. ఆ ఇల్లు ఆయనదే, నాది కాదు, అంటుంది బ్రాడ్‌స్ట్రీట్. సిద్ధాంతం ప్రకారం పద్యం అక్కడితో అయిపోవాలి. అవలేదు! తరువాతి రోజుల్లో ఆ బూడిద పక్కగా నడిచిపోయేటప్పుడు కళ్లు వద్దన్నా అటే పోతాయి. ఇక్కడ ఆ ట్రంకు పెట్టె ఉండేది, అక్కడ ఆ భోషాణం, నాకిష్టమైన వస్తువులన్నీ అదిగో అక్కడ. ఇక ఈ కప్పు కింద అతిథి కూర్చోడు. ఈ బల్ల దగ్గర ఎవరూ ఓ ముద్ద తినరు. పాత కబుర్లు చెప్పుకోరు. దీపం వెలగదు. ఇలా ఒక్కొక్కటే లెక్కపెడుతుంది. చివరికి ‘అంతా వ్యర్థం’ అని తనను తానే కసురుకుని, పైన దేవుడు కట్టిన ఇల్లు ఉందని గుర్తు చేసుకుంటుంది. లోకాన్ని ఇక ప్రేమించనివ్వకు అని వేడుకుంటుంది.

అలా వేడుకుంటోందంటే ఇంకా ప్రేమిస్తోందనేగా అర్థం. మీరు పాఠంలో వెతికిన సిద్ధాంతం ఇక్కడే దొరుకుతుంది, పెట్టెకూ పరలోకానికీ మధ్య ఆమె పడుతున్న గుంజాటనలో. నమ్మకం లేని మనిషి అయితే ఏడ్చి ఊరుకునేది. నమ్మకం పూర్తిగా జీర్ణమైన మనిషి అయితే స్తుతించి ఊరుకునేది. పద్యం పుట్టింది ఆ రెంటికీ మధ్య. భర్త మీద రాసిన పద్యమూ అంతే. ‘ఈ ప్రేమను ఎంత పట్టుదలగా నిలుపుకుందామంటే, చనిపోయాక కూడా బతుకుదాం’ అన్న అర్థంలో ముగుస్తుంది. దాంపత్య ప్రేమను ప్యూరిటన్లు పాపమనలేదు, దేవుడు ఇచ్చిందే అన్నారు. భార్య దేవుడికన్నా ఎక్కువైపోతుందేమోనని మాత్రం బెంగ.

కాబట్టి మీ మాస్టారి మాట సగమే నిజం. ఎవరో ఎక్కడో సుఖంగా ఉన్నారేమోనన్న భయమే ప్యూరిటన్ మతమని 20వ శతాబ్దంలో మెంకెన్ అనే పత్రికా రచయిత ఒక చురక వేశాడు. అది చమత్కారంగా ఉండి అందరి నోళ్లలోనూ నిలిచిపోయింది. ఆ చురకకు ఆధారం లేకపోలేదు. క్రిస్మసు బైబిలులో లేదని 1659లో మసాచుసెట్స్‌లో పండగ చేసుకున్నవారికి ఐదు షిల్లింగుల జరిమానా పెట్టారు, 1681 దాకా తీయలేదు. 1662లో మైకేల్ విగల్స్‌వర్త్ తీర్పు దినం మీద రాసిన దీర్ఘ పద్యం, ‘ది డే ఆఫ్ డూమ్’, విపరీతంగా అమ్ముడుపోయింది. చదివి చదివి నలిగిపోయి, మొదటి కూర్పు ప్రతి ఒక్కటీ పూర్తిగా మిగల్లేదు. అందులో పుట్టగానే చనిపోయిన పసికందులు దేవుడితో వాదిస్తారు: ఆదాము చేసినదానికి మాకెందుకు శిక్ష? దేవుడు ఆలోచించి, సరే, మీకు నరకంలో అన్నిటికన్నా తేలికైన గది ఇస్తాను, అంటాడు. మొదటిసారి చదివినప్పుడు నేను నవ్వాను. ఇంట్లో పసిపిల్లను పోగొట్టుకున్నవాళ్లు ఆ పద్యాన్ని కంఠస్థం చేసి ఉంటారన్న ఆలోచన వచ్చాక నవ్వు ఆగిపోయింది.

నన్నడిగితే ఆ యూనిట్ మొత్తానికీ తలమానికం మేరీ రౌలాండ్‌సన్ వచన కథనం. 1676 ఫిబ్రవరిలో, మెటకామ్ నాయకత్వంలో స్థానిక తెగలు వలసదారులతో చేసిన యుద్ధంలో, లాంకస్టర్ ఊరి మీద దాడి జరిగింది. పాస్టరు భార్య అయిన రౌలాండ్‌సన్ పిల్లలతో సహా బందీ అయింది. గాయపడిన ఆరేళ్ల కూతురు సారాను చేతుల్లో ఎత్తుకుని మంచులో నడిచింది. తొమ్మిది రోజులకు పిల్ల చనిపోయింది. శవం పక్కనే రాత్రంతా పడుకున్నానని రాసింది. అలా 11 వారాలు అడవుల్లో తిరిగి, 20 పౌన్ల విడుదల ధనంతో బయటపడి, 1682లో పుస్తకం అచ్చు వేయించింది.

అందులో ఒక చోట ఆకలితో ఒక గుడిసెలోకి వెళుతుంది. అక్కడ ఒకామె గుర్రపు కాళ్లు ఉడకబెడుతోంది. బందీలైన ఇంగ్లీషు పిల్లలు ఇద్దరున్నారు. రౌలాండ్‌సన్‌కు ఒక ముక్క, ఒక పిల్లకు ఒక ముక్క ఇచ్చింది. ఈమె గబగబా తినేసింది. పిల్లకు కొరకడం చేతకావడం లేదు, ముక్క అంత గట్టిగా ఉంది. చీకుతూ, నములుతూ చొంగ కారుస్తోంది. అప్పుడు ఆ ముక్కను పిల్ల దగ్గర తీసుకుని తానే తినేసింది. రుచిగా ఉందని కూడా రాసింది. వెంటనే యోబు మాట: నా ప్రాణం ముట్టనన్నవే నాకు దుఃఖభోజనమయ్యాయి. అసహ్యమైనదాన్ని దేవుడు నాకు రుచిగా మార్చాడు, అని ముగింపు.

పిల్ల నోటి ముక్క తీసుకున్నానన్న సిగ్గు ఆ వాక్యాల్లో పైకి లేదు. దేవుడి దయ మాత్రమే ఉంది. మరి ఆ పిల్లను, ఆ చొంగతో సహా, ఎందుకు రాసినట్టు? దాచేయవచ్చు కదా. దాచలేకపోయింది. ప్రతిదాన్నీ దేవుడి ముందు లెక్క చెప్పే అలవాటు ఆమె చేత నిజం రాయించింది, లేఖనం దాని మీద దుప్పటి కప్పింది. దుప్పటి కింద ఆకారం మనకు కనిపిస్తూనే ఉంటుంది. ప్యూరిటన్ వచనం చదవడమంటే ఇదే. తనను బంధించినవాళ్లను నరకపు కుక్కలంటుంది. మరోచోట మెటకామ్ కొడుక్కి చొక్కా కుట్టిపెట్టానని, అందుకు మెటకామ్ షిల్లింగు ఇచ్చాడని, తనను బందీగా ఉంచుకున్న యజమాని ఆ డబ్బు నువ్వే ఉంచుకో అన్నాడని రాస్తుంది. ఆ రెండు వాక్యాలూ ఒకదాన్నొకటి చూసుకోవు. చూసేది మనమే. పుస్తకం చివర, ఒకప్పుడు రాత్రంతా ఏ ఆలోచనా లేకుండా నిద్రపోయేదాన్ని, ఇప్పుడలా కాదు, అంటుంది. రక్షించిన దేవుడికి స్తుతులు పూర్తయ్యాక కూడా నిద్ర రాలేదు.

‘వాడి రాజ్యం’ దగ్గర ఆగమని, మళ్లీ వస్తానన్న విషయం ఇదే. దేవుడి ఉత్తరం చదవడం చేతనైనవాడు అందులో తనకు కావలసిందే చదువుకునే ప్రమాదం ఉంది. 1634లో విన్‌త్రాప్ ఒక లేఖలో, స్థానికులు దాదాపు అందరూ మశూచితో చనిపోయారు, ప్రభువు ఈ నేల మీద మన హక్కును ఆ విధంగా స్థిరపరచాడు అన్న అర్థంలో రాశాడు. ఎలుకల కథ రాసిన కలమే ఇదీ రాసింది. ‘కొండమీదనుండు పట్టణము మరుగైయుండనేరదు’ అన్న మత్తయి సువార్త వాక్యాన్ని తన వలసకు అన్వయించి చెప్పిన ఆయన ప్రసంగాన్ని మీ పుస్తకం గొప్పగా పొగిడి ఉంటుంది. పొగడండి, తప్పు లేదు, ఆ లేఖను పక్కనే పెట్టుకుని పొగడండి.

లోపలినుంచే ఎదురు తిరిగినవాళ్లూ ఉన్నారు. స్థానికుల నేలను ఇంగ్లండు రాజు ఎలా దానమిస్తాడని అడిగిన రోజర్ విలియమ్స్‌ను వెళ్లగొట్టారు. ఆయన వెళ్లి రోడ్ ఐలండ్ స్థాపించి, 1643లో వాళ్ల భాష మీద పుస్తకం రాశాడు. దేవుడు తనతో నేరుగా మాట్లాడతాడన్న ఆన్ హచిన్సన్‌నూ వెలివేశారు. బాప్టిస్టయిన ఒబదయా హోమ్స్‌కు 1651లో బోస్టన్‌లో 30 కొరడా దెబ్బలు వేశారు. ఇక్కడ మనకు ఒక చిన్న చుట్టరికం కలుస్తుంది. రెండు శతాబ్దాల తరువాత మన నెల్లూరులో మిషను నడిపిన అమెరికన్ బాప్టిస్టు సంఘం కేంద్రం అదే బోస్టన్. మీ నాయనమ్మ సంఘం ఏదో నాకు తెలియదు కానీ, బాప్టిస్టు అయితే ఈ ముక్క ఆవిడకు చెప్పండి.

ప్యూరిటన్ కవి ఎడ్వర్డ్ టేలర్‌ను రాట్నం పద్యంతో సరిపెట్టుకోండి. ప్రభువా, నన్ను నీ రాట్నం చేసుకో, నూలు వడికి, మగ్గం మీద నేసి, రంగులద్ది ఆ బట్ట నాకే తొడుగు, అంటాడు. నేతగాళ్లున్న మన ఊళ్లలో ఇది వివరించనక్కర్లేదు. ఆయన రాతప్రతి 1937లో గానీ పరిశోధకుల కంటపడలేదు కాబట్టి తరువాతి రచయితల మీద ఆయన ప్రభావం అని రాస్తే మార్కులు పోతాయి. పాస్టరు జొనాథన్ ఎడ్వర్డ్స్ 1741లో ఎన్‌ఫీల్డ్‌లో చేసిన ప్రసంగంలో మనిషిని నిప్పు మీద వేలాడదీసిన సాలెపురుగుతో పోల్చాడు. జనం ఎంతగా ఏడ్చారంటే ఆయన మధ్యలో ఆపాల్సి వచ్చింది. అదే మనిషి కుర్రతనంలో గాలిలో తేలే సాలెపురుగులను మురిపెంగా గమనించి, వాటి గురించి శాస్త్రీయంగా రాశాడు. సాలెపురుగు ఒకటే, చదివిన అర్థాలు రెండు.

ఇప్పుడు మీ చివరి ప్రశ్న, ప్రభావం ఎక్కడుంది అని. బోస్టన్‌లో పుట్టిన బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను చూడండి. 13 సుగుణాలు రాసుకుని, వారానికి ఏడు గడులు గీసి, తప్పు చేసిన రోజున నల్ల చుక్క పెట్టుకునేవాడు. ఇది ప్యూరిటన్ దినచర్యే, దేవుడి స్థానంలో లెక్కల పుస్తకం వచ్చి కూర్చుంది. భయం పోయి హుషారు మిగిలింది. నాకు ఫ్రాంక్లిన్ మీద పెద్ద ప్రేమ లేదు కానీ ఈ మార్పు చూడముచ్చటైనది.

అసలు వారసుడు 19వ శతాబ్దపు నవలాకారుడు నథానియల్ హాథార్న్. 1692లో సేలంలో మంత్రగత్తెలన్న నెపంతో 19 మందిని ఉరితీసిన వ్యవహారంలో ఆయన పూర్వీకుడు జాన్ హాథోర్న్ న్యాయాధికారి. ఆ సిగ్గు ఆయన ఎన్నో కథల్లో మెదులుతుంది. ‘ది స్కార్లెట్ లెటర్’లో 12వ అధ్యాయం తెరవండి. అర్ధరాత్రి ఆకాశంలో ఉల్క మెరిసి, పెద్ద ‘ఏ’ అక్షరంలా కనిపిస్తుంది. రహస్యంగా వ్యభిచారం చేసిన పాస్టరు డిమ్స్‌డేల్ అందులో తన నేరం చదువుకుంటాడు, ఇంగ్లీషులో వ్యభిచారం అన్న మాటకు మొదటి అక్షరం ఏ. తెల్లారాక చర్చి పనివాడు వచ్చి, నిన్న రాత్రి ఆకాశంలో అక్షరం చూశారా, మా గవర్నరుగారు దేవదూత అయ్యారని మేము అనుకున్నాం, అంటాడు. ఇంగ్లీషులో దేవదూత అన్న మాటకూ మొదటి అక్షరం ఏ కదా. ఆ రాత్రి చనిపోయిన గవర్నరు ఎవరో తెలుసా? మన ఎలుకల విన్‌త్రాప్! జీవితమంతా గుర్తులు చదివిన మనిషి చావును గుర్తుగా చేసి, ఆ గుర్తును ఇద్దరు రెండు రకాలుగా చదివేలా చేశాడు హాథార్న్. ఆ నవల వచ్చిన 1850 నాటికి ఉత్తరం ఉంది, రాసినవాడున్నాడో లేడో తెలియదు.

మరుసటి ఏడాది మెల్‌విల్ తన తిమింగలం వేట నవల ‘మోబీ డిక్’ను హాథార్న్‌కే అంకితమిచ్చాడు. అందులో ఓడ కొయ్యకు కొట్టిన బంగారు నాణేన్ని ఒక్కొక్కరే వచ్చి చూసి, ఒక్కొక్క అర్థం చెప్పి పోతారు. తిమింగలం తెలుపు మీద ఒక అధ్యాయమే ఉంది, ఆ తెలుపుకు అర్థమే లేకపోతే ఎలా అన్న భయంతో. బావి దగ్గర నిలబడిన ఆ బోస్టన్ తల్లి భయానికి ఇది దూరపు చుట్టమనిపిస్తుంది నాకు. కవయిత్రి ఎమిలీ డికిన్సన్ చర్చి కీర్తనల నడకలోనే పద్యాలు కట్టి, కీర్తనలు అడగని ప్రశ్నలు అందులో అడిగింది.

జవాబు పత్రంలో ఐదు సిద్ధాంతాలకు ఐదు పంక్తులు చాలు. మిగిలిన చోటంతా ఒక్క పద్యాన్నో ఒక్క పేజీనో దగ్గరగా చదివి రాయండి, బ్రాడ్‌స్ట్రీట్ పెట్టె అయినా సరే, రౌలాండ్‌సన్ గుర్రపు కాలు అయినా సరే. దిద్దేవాళ్లకూ అదే గైడు కంఠతా వచ్చి ఉంటుంది కాబట్టి వేరే మాట కనిపిస్తే కళ్లు తెరుస్తారు. చదివేటప్పుడు పక్కన తెలుగు బైబిలు ఉంచుకోండి. యోబు, కీర్తనలు, నిర్గమకాండం తెలియకుండా వీళ్లను చదవడం రామాయణం తెలియకుండా మన యక్షగానం చూడటం లాంటిది. ఏ వాక్యం ఎక్కడిదో నాయనమ్మను అడిగితే గూగుల్ కన్నా ముందు చెబుతుంది.

నవ్వాలా భయపడాలా అన్నారు. ఆ గుర్రపు కాలు పేజీని ఆవిడకు తెలుగులో చెప్పి చూడండి, యోబు మాటతో సహా. పిల్ల నోటి ముక్క తీసుకున్నచోట ఆవిడ ఏమంటుందో, వీలైతే నాకు మళ్లీ రాయండి.